భుజం నొప్పి మీద పందెం

రాజమండ్రిలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక క్లబ్బు ఉండేది. ఊళ్ళో పెద్దమనుషులు పేకాడుకోడానికి పెట్టుకున్నది. వెనక హాల్లో మాత్రం ఒక టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది. నాకు పదేళ్ళప్పుడు మా బాబాయే స్కూటర్ మీద అక్కడికి తీసుకెళ్ళాడు. మొదటి బ్యాట్ కూడా ఆయనే కొనిపెట్టాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఆయన చేసిన మంచి దాచానని రేపెవరూ అనకూడదు కదా.

నా స్నేహితురాలు దొరికింది అక్కడే. వాళ్ళ నాన్న గోదావరిలో వల వేసేవాడు. అమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. మునిసిపల్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఆ పిల్ల చేతి వేగం చూసి, క్లబ్బు వాళ్ళని బతిమాలి సాయంత్రాలు ఆడుకోనిచ్చేలా చేశారు. ఎనిమిదేళ్ళు బల్లకి ఆ చివర తను, ఈ చివర నేను. నేను జిల్లా దాటలేదు. తను దేశం తరఫున ఆడింది. మొదట్లో తను వస్తే ముక్కు మూసుకున్నవాళ్ళే, ఇండియా టీములో పేరు రాగానే "మా క్లబ్బు పిల్ల" అంటూ దండ వేసి, ఫోటో తీయించి, గోడకి తగిలించారు.

తొంభైల చివర్లో విదేశంలో ఒక పెద్ద పోటీ జరిగింది. తనకి కొరియా అమ్మాయితో మ్యాచ్, అయిదు గేముల్లో మూడు గెలవాలి. కేబుల్లో లైవ్ వస్తుందన్నారు. దానికి కొద్ది రోజుల ముందు క్యాంపు నుంచి నాకు ఉత్తరం రాసింది.

"కుడి భుజం లాగేస్తోందే. ఇంజెక్షన్లు చేయించుకుని ఆడుతున్నా. రెండు గేములు బాగానే ఉంటుంది, మూడోదానికొచ్చేసరికి చెయ్యి లేవట్లేదు. కోచ్‌కి తెలిస్తే తీసేస్తారు. నీకొక్కదానికే చెప్తున్నా."

మ్యాచ్ ముందు రోజు పొద్దున్న బాబాయి మా ఇంటికొచ్చాడు. అమ్మ పెసరట్టు వేసిచ్చింది.

"ఏమ్మా, మన పిల్ల ఏమంటోంది? గెలుస్తుందంటావా?" అన్నాడు.

"కష్టం బాబాయ్," అన్నాను.

"అదేంటి, మంచి ఊపు మీదుందిగా?"

నాకు మనసులో బెంగగా ఉంది, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది. చెప్పేశాను. అయ్యో పాపం అన్నాడు. ఉత్తరం చూపించమన్నాడు. చూపించాను. రెండుసార్లు చదివి, మడతపెట్టి ఇచ్చి, పెసరట్టు సగంలో వదిలేసి స్కూటర్ స్టార్ట్ చేశాడు. తనకి సాయం చెయ్యడానికి ఎవరైనా పెద్ద డాక్టర్‌ని కనుక్కోడానికి వెళ్ళాడేమో అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం క్లబ్బు నిండిపోయింది. నలభై మంది మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడదాన్ని, టీవీ ముందు కుర్చీలో. మొదటి గేము తనే గెలిచింది. చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. రెండోదీ గెలిచింది. హాల్లో చడీచప్పుడూ లేదు. పాపం, ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారనుకున్నాను.

మూడో గేములో తన బంతి నెట్‌కి తగలడం మొదలైంది. వెనకనుంచి "హమ్మయ్య!" అని వినబడింది. మళ్ళీ తగిలింది, ఈలలు వేశారు. తను ఎడం చేత్తో భుజం పట్టుకుని నొక్కుకుంటోంది. టీవీలో మొహం దగ్గరగా చూపిస్తున్నారు, నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. ఒకాయన కుర్చీలోంచి లేచి, "లేవట్లేదురా, చెయ్యి లేవట్లేదు!" అని గంతులేశాడు.

క్లబ్బు సెక్రటరీగారు మా బాబాయి వీపు తట్టారు. "మీ అమ్మాయి చెప్పినట్టే జరుగుతోందండీ! మూడో గేమన్నారు, మూడో గేమే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి బాబాయి ఎదురుగా నిలబడ్డాను.

"పందెం కాశావా? తను ఓడిపోతుందని కాశావా?"

"అరవకు. ఆటన్నాక పందెం ఉంటుంది, మన జిల్లాల్లో ఇది కొత్తా? నేను కాయకపోతే అది గెలిచేస్తుందా?"

"నన్ను నమ్మి చెప్పుకుంది బాబాయ్."

"నువ్వు నాకు చెప్పావు. నీ కడుపులో దాగని మాట నా కడుపులో దాగాలా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన అన్నది నిజమే కావడంతో కోపం ఇంకా పెరిగింది. వెళ్ళి టీవీ ప్లగ్గు పీకేశాను. "ఏయ్, ఏంటమ్మా ఇది!" అని నలుగురు మీదికొచ్చారు. గోడ మీదున్న తన ఫోటో దింపుకుని బయటికి నడిచాను. ఒకడు లాక్కోబోతే, "ముట్టుకుంటే పళ్ళు రాలగొడతా," అన్నాను. అప్పటిదాకా నా నోట అలాంటి మాట రాలేదు.

తను ఓడిపోయిందని మర్నాడు పేపర్లో చూశాను. అప్పటికే, ముందు రోజు సాయంత్రమే, బాబాయి తాపేశ్వరం కాజాలు తెచ్చి అందరికీ పంచాడు. మా అమ్మ నవ్వుతూ తీసుకుంది. నా వాటా తీసుకెళ్ళి కాలవలో పారేశాను.

రెండు నెలలకి తను ఊరొచ్చింది. రేవు దగ్గర వాళ్ళింటికెళ్ళి, అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను.

"అందరూ నేను ఓడిపోతాననే కాశారా?"

"క్లబ్బులో వాళ్ళందరూ."

"మరి గెలుస్తానని ఎవరు కాశారు?"

"పాలకొల్లు వాళ్ళు, తుని వాళ్ళు. ఫోన్లలో కాశారట. వాళ్ళకి నీ భుజం సంగతి తెలీదు."

"పాపం," అంది. "నువ్వు చెప్పకుండా ఉండాల్సింది," అని లోపలికెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత కనబడితే పలకరించేది, అంతే. భుజానికి ఆపరేషన్ అయిన సంగతి, ఆట మానేసిన సంగతి నేను పేపర్లోనే చదువుకున్నాను.

బాబాయి మాత్రం ఏ పెళ్ళిలో నలుగురు చేరినా, "ఆ పిల్లని పైకి తెచ్చింది మా క్లబ్బేనండీ," అనేవాడు. ఆ మాట వినబడగానే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. కొన్నేళ్ళకి, కడియంలో ఒక నిశ్చితార్థంలో, భోజనాల బల్ల దగ్గర మళ్ళీ అన్నాడు. ఈసారి లేవలేదు. ఉత్తరం దగ్గర్నుంచి కాజాల దాకా, వియ్యాలవారు వింటుండగానే, ఒక్కటీ వదలకుండా చెప్పాను. చూపించింది నేనేనని కూడా చెప్పాను. బాబాయి విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. నేనూ పిలవలేదు.