బోర్డుకు చెప్పిన పాఠాలు

కరోనా సెలవుల తర్వాత బడులు మళ్లీ తెరిచిన రెండో ఏడాది, జూన్ నెలలో, నన్ను జైనూర్ అడవి బడి నుంచి కరీంనగర్ వైపు ఒక సాంచాల ఊరికి బదిలీ చేశారు. సాంచాలంటే మరమగ్గాలు. హోదా పాతదే: సెకండరీ గ్రేడ్ టీచర్, అంటే ప్రాథమిక పాఠశాలలో అన్ని సబ్జెక్టులూ చెప్పే మనిషి. నాకు నాలుగో తరగతి అప్పగించారు. ముప్పై ఒక్క మంది పిల్లలు, ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ నేత కుటుంబాల వాళ్లే. ఆ తర్వాత కొన్నేళ్లకే మోకాళ్ల పేరు చెప్పి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను కాబట్టి, ఈ సంగతులు రాసేందుకు జుట్టు పూర్తిగా నెరిసేదాకా ఆగలేదు.

నా మాటల్లో సగం కోతలేనని తోటి ఉపాధ్యాయులు అనేవారు. మిగతా సగం సంగతి వాళ్లు కనిపెట్టలేదు. ఈ బలహీనతను నేను ఎప్పుడో బోధన పద్ధతిగా మార్చుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. ప్రతి పీరియడ్‌లో పాఠం మధ్యన ఒకే ఒక్క అబద్ధం చెప్పాలి. అది పాఠానికి సంబంధించినదే కావాలి. "గోదావరి శ్రీరాంసాగర్ దాటినంక బాసరకు పోతది" అన్నట్టు. పట్టుకున్న పిల్లలు అరవకూడదు. నెత్తి మీద చేయి పెట్టుకోవాలి. లేపి అడిగినప్పుడు నిజం కూడా చెప్పాలి, "బాసర మనకు ఎగువన ఉంటది సార్, నీళ్లు అటు నుంచే వస్తయి" అని. వట్టి అబద్ధమంటే ఒప్పుకునేది లేదు. దీనికి సామాను అక్కర్లేదు. పిల్లలు ప్రతి వాక్యాన్నీ అనుమానంతో వింటారు, వినడమే కదా మనకు కావలసింది.

నాలుగు నెలల్లో తరగతిలో ముప్పై మంది కనీసం ఒక్కసారైనా నన్ను పట్టుకున్నారు. ఒక్క రజిత మాత్రం పట్టుకోలేదు. రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చునేది. తక్కువ మాట్లాడేది, మాట మెత్తగా, చివర్లు నలిగినట్టు ఉండేది. సిగ్గు అనుకున్నాను. చూసి రాయమంటే ముత్యాల్లాంటి అక్షరాలు. చెప్పింది రాయమంటే పక్కపిల్ల పలక వైపు చూపు.

ఆ రోజుల్లో మాకు స్థాయి పరీక్షలు ఉండేవి. పిల్లలు పదం చదువుతారా, పేరా చదువుతారా, తీసివేత చేస్తారా అని చూసి మూడు జట్లుగా విడగొట్టి రిజిస్టర్‌లో రాయాలి. బయటి బడి నుంచి వచ్చిన పరిశీలకులు మళ్లీ పరీక్షించి మా రాతతో పోల్చి చూస్తారు. ఆ పోలిక అంటే నాకు బెరుకు. ఎక్కువ రాస్తే అబద్ధాలకోరునని నిజంగానే తేలిపోతుంది. అందుకని రజితను నోటిమాటగా నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబు రాకపోతే అట్టడుగు జట్టులో వేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. నెలనెలా జరిగే తల్లిదండ్రుల సమావేశంలో, నలభై మంది ముందు, వాళ్లమ్మ విజయ "మా బిడ్డ ఎట్ల సదువుతున్నది సార్" అని అడిగితే, "ఈ అమ్మాయి తలకు చదువు ఎక్కుతలేదమ్మా" అన్నాను. ఎవరో నవ్వారు. విజయ నవ్వలేదు.

సోమవారం నుంచి రజిత రాలేదు. మంగళవారం, బుధవారం కూడా రాలేదు. వాళ్లమ్మతో కార్ఖానాకు పోతున్నదని పిల్లలు చెప్పారు. హాజరు పట్టీలో మూడు సున్నాలు వరుసగా పడ్డాయి. నెల దాటితే పేరు బడిబయటి పిల్లల జాబితాలోకి పోతుంది. కానీ నా భయం జాబితా గురించి కాదు. ఆ ఊళ్లో ఆడపిల్ల ఒకసారి నూలు కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చున్నదంటే మళ్లీ పలక పట్టడం అరుదు. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. అక్కడ కూర్చోబెట్టింది నా నోటి మాట.

గురువారం ప్రధానోపాధ్యాయురాలు సుగుణ మేడం దగ్గర రెండు గంటల అనుమతి తీసుకుని విజయ పనిచేసే కార్ఖానాకు పోయాను. రేకుల షెడ్డు, ఎనిమిది సాంచాలు. లోపల అడుగు పెడితే చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్లలోకి దిగింది. విజయ నన్ను చూసి దగ్గరకు వచ్చి ఏదో అన్నది. నాకు ఒక్క ముక్క వినిపించలేదు. నేనేదో అరిచాను. ఆమెకు మాత్రం అర్థమైంది. అప్పుడే గమనించాను, అక్కడ ఎవరూ అరవడం లేదు. పెదాలు బాగా విప్పి గొంతు లేకుండా మాట్లాడుతున్నారు. పోగు తెగితే రెండు వేళ్లు మెలితిప్పుతారు. చాయ్ కావాలంటే బొటనవేలు పెదవికి ఆనిస్తారు. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో బతికినవాళ్లు నోళ్లను కళ్లతో చదువుతారు.

ఐదు సాంచాల అవతల రజిత కండెల మిషన్ దగ్గర కూర్చుని నన్నే చూస్తున్నది. ఏం చేయాలో తోచక, ఎవరికీ వినబడదన్న ధైర్యంతో, పాత అలవాటు కొద్దీ నాలో నేనే గొణుక్కున్నాను: "జైనూర్‌ల నేను పులికి రెండో ఎక్కం నేర్పిన." నా మాట నాకే వినబడలేదు.

రజిత ఫక్కున నవ్వి నెత్తి మీద చేయి పెట్టుకున్నది.

తర్వాత, నియమం ప్రకారం, నిజం కూడా చెప్పింది. పెదాలు కదిలాయి. ఆ విద్య నాకు రాదు కాబట్టి అందలేదు.

అక్కడే నిలబడి తరగతి గదిని గుర్తు చేసుకున్నాను. నేను మాట్లాడుతూ బోర్డు మీద రాస్తాను, లేదా రాస్తూ మాట్లాడతాను. అబద్ధాన్ని ఎప్పుడూ బోర్డు వైపు తిరిగే చెబుతాను, ఎందుకంటే పిల్లలను చూస్తే నాకు నవ్వు వస్తుంది. నోటి పరీక్ష అడిగినప్పుడు తల రిజిస్టర్‌లో ఉంది. నాలుగు నెలలుగా ఆ పిల్లకు నేను చూపించింది నా వీపు, నా నడినెత్తి.

విజయను బయటికి పిలిచి, రజితకు వినబడటం లేదేమోనని చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఇనవడదా? ఏం మాట్లాడుతున్నరు సార్? ఇంట్ల నేను పిలుస్తె పలుకుతది. గీ కార్ఖానల అందరి కంటె ముందు గదే సమజ్ చేసుకుంటది. మొన్న సదువు రాదంటిరి, ఇయ్యాల చెవుడంటున్నరు. రేపేమంటరు?"

"అన్నాలప్పుడు సాంచాలు ఆపుతరు గద. అప్పుడు ఒక్కసారి ఎనుక నుంచి పిలిచి చూడమ్మా. పలికితే నేను మళ్ల మీ గడప తొక్క."

అన్నాల వేళకు ఇంకా ముప్పావుగంట ఉంది. నా అనుమతి అప్పటికే సగం అయిపోయింది. బయట అరుగు మీద కూర్చుని లెక్కలు వేసుకున్నాను. పలికితే నేను నలుగురిలో నవ్వులపాలు. పలకకపోతే ఆ తల్లికి అది ఏ రకం వార్త? ఏది కోరుకోవాలో తెలియలేదు.

సాంచాలు ఒక్కొక్కటిగా ఆగాయి. నిశ్శబ్దం ఎంత పెద్దదిగా ఉందో. రజిత వీపు మా వైపు ఉంది. కండెలు గంపలో సర్దుతున్నది. విజయ పది అడుగుల దూరం నుంచి పిలిచింది. "రజితా." షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లు తిరిగి చూశారు. రజిత చూడలేదు. "ఓ రజితా." చూడలేదు. విజయ ఇంకో అడుగు ముందుకు వేసి, తనకు తెలియకుండానే, అలవాటుగా, కాలు నేలకేసి కొట్టి మూడోసారి పిలిచింది. రజిత చప్పున వెనక్కి తిరిగి, "ఏందవ్వా" అన్నది.

విజయ తన కాలి వైపు చూసుకున్నది. ఆ ఇంట్లో, ఆ షెడ్డులో అందరూ కాళ్లతో, చేతులతో, పెదాలతో పిలుచుకునేవాళ్లే కాబట్టి, ఒకరికి వినబడకపోవడం ఎవరికీ కనబడలేదు.

"రేపటి నుంచి పంపు అమ్మా" అన్నాను.

"పంపుత. కానీ నలుగుట్ల అన్నరు మీరు. నలుగుట్లనే సెప్పుండ్రి. గప్పుడు పంపుత. మీ మాట ఇని బజార్ల పోరగాండ్లు దాన్ని ఏమని పిలుస్తున్నరో మీకు ఎరుకేనా?"

నాకు ఎరుక లేదు.

మేడంతో జరిగింది చెప్పి, ఒక చీటీ రాసిస్తే సరిపోదా అని అడిగాను. నలుగురిలో అన్న మాటను చీటీతో వెనక్కి తీసుకోవడం కుదరదని ఆమె అన్నారు. సమావేశాన్ని మాత్రం ముందుకు జరిపి తొమ్మిది రోజుల్లో పెట్టించారు. ప్రత్యేక అవసరాల పిల్లలకు మండలానికి ఒక కేంద్రం ఉంటుంది. అక్కడి ఉపాధ్యాయురాలికి ఫోన్ చేసి వినికిడి పరీక్షకు పేరు కూడా రాయించారు.

ఆ తొమ్మిది రోజులు నేను కొత్తగా పాఠం చెప్పడం నేర్చుకున్నాను. రాసేటప్పుడు నోరు మూసుకోవడం, రాసి, పక్కకు జరిగి, పిల్లల వైపు తిరిగి అప్పుడు మాట్లాడటం. కిటికీ వెలుగు నా వెనక కాకుండా ముఖం మీద పడేలా నిలబడటం. ఒక పిల్ల జవాబు చెబితే దాన్ని అందరి వైపు తిరిగి మళ్లీ చెప్పడం. మొదటి రెండు రోజులు చెయ్యి, నోరు విడివిడిగా నడవక తిప్పలు పడ్డాను. రజిత లేని తరగతిలోనే నోటి లెక్కలకు జవాబులు పెరిగాయి. చెవులు బాగున్న పిల్లలకు కూడా నా మాటల్లో కొంత అందకుండా బోర్డు పాలే అవుతున్నదని అప్పుడు తెలిసింది. ప్రతి సాయంత్రం మాత్రం గేటు దగ్గర నిలబడి, ఆమె కండెలకు అలవాటు పడిపోతున్నదేమోనని కార్ఖానా వైపు చూసేవాణ్ణి.

సమావేశం రోజు లేచి నిలబడ్డాను. రజిత చదువు గురించి పోయినసారి నేను చెప్పింది తప్పని, ఆమెకు సరిగా వినబడదని, అది కనిపెట్టకుండా బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పింది నేనేనని అన్నాను. వెనక నుంచి ఒక పెద్దమనిషి, "సార్ మళ్ల కోత కోస్తుండు" అన్నాడు. గదంతా నవ్వింది. జీవితంలో మొదటిసారి ఒక నిజాన్ని నమ్మించాల్సి వచ్చింది, నా దగ్గర దానికి పనిముట్లు లేవు.

విజయ లేచింది. "నవ్వుడెందుకు? సార్ నిజమే జెప్తుండు. నేను పిలిచి చూసిన" అని కూర్చున్నది. నవ్వు ఆగింది.

సోమవారం రజిత వచ్చింది. కిటికీ పక్క నుంచి నడిమి వరుసకు మార్చాను. పరీక్షలో రెండు చెవుల్లోనూ లోపం ఉందని తేలింది. చెవి మిషన్ చేతికి రావడానికి ఆరు నెలలు పట్టింది. అది రాకముందే నోటి పరీక్ష ఆమెకు ఎదురుగా కూర్చుని మళ్లీ పెట్టాను. పేరా చదివింది, తీసివేతలు చేసింది. రిజిస్టర్‌లో పాత గుర్తు కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. పరిశీలకుడు ఆ కొట్టివేత ఏమిటని అడిగితే ఉన్నది చెప్పాను.

స్థాయి పరీక్ష ఒక పిల్లకు ఎంత వచ్చునో ఒక్కటే కొలవదు. ప్రశ్న ఆమెకు ఎలా అందిందో కూడా అందులో కలిసి ఉంటుంది. రిజిస్టర్‌లో దానికి గడి లేదు. కాబట్టి రాదు అని రాసేముందు ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నను ఇంకో రకంగా, ఎదురుగా నిలబడి, ఒకసారి రాసి చూపించి అడగాలి. అప్పటికీ రాకపోతే రాయవచ్చు. అయినా ఆ మాట సమావేశంలో పైకి చదవకూడదు.