పీపాలు కడిగిన నీళ్లు

రుచి చూసి బాగోగులు చెప్పడమే నా ఉద్యోగం. వైన్ నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసి, తోచింది కాగితం మీద రాస్తాను. శింగనమల దగ్గర ఉండే మా పెద్దనాన్న కొడుక్కి ఆ ఉమ్మేయడం చూస్తే ఒళ్లు మంట. "ఏమప్పా, ఏడాదంతా చాకిరీ చేసి తీసింటే అట్ల ఉమ్మేస్తావే!" అనేవాడు.

వేరుశనగ వరసగా ఎండిపోయాక అన్న సిరా రకం నల్లద్రాక్ష పెట్టాడు. తోటలోనే రేకుల షెడ్డు వేసి, పాత పీపాలు కొని, వైన్ మొదలుపెట్టాడు. మొదటి రెండేళ్ల సరుకు ఎవరికీ నచ్చలేదు. ఈసారి బెంగళూరు వ్యాపారి ఒకాయన, బాగుందని నేను సంతకం పెడితే మొత్తం కొంటానన్నాడు.

"ఇది గూడా పోతే తోట పెరికేస్తా," అన్నాడు అన్న, గ్లాసు నా చేతికిస్తూ.

ఆరు పీపాలు. నాలుగింట్లో ఉత్త సిరా, రెండింట్లో సిరాకు వేరే ద్రాక్ష కొంచెం కలిపింది. మొదటి గ్లాసు రంగు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నేరేడు పండు వాసన, మిరియాల ఘాటు. ఆ వెనకే ముక్కు అదిరే పులుపు. రెండోదీ అంతే. ఆరోదాకా అదే పులుపు. ఒక పీపా చెడితే తలరాత అనుకోవచ్చు. ఆరూ ఒకే తీరున చెడతాయా?

"పీపాలు ఎట్ల కడిగినావన్నా?"

"ఒక్క చుక్క పారబోయలేదప్పా," అన్నాడు గర్వంగా. "ఒకదాన్ని కడిగిన నీళ్లే ఇంకోదాంట్లోకి పోసినా. ఆరూ అయినంక చెట్లకు పోసినా."

మొదట కడిగిన పాత పీపాలో ఉన్న చెడును ఆ నీళ్లే మిగతా ఐదింటికీ పంచాయి. ఆయన్ని ఏమనగలను? బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, ముఖం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తూ పెరిగినవాళ్లమే ఇద్దరమూ. మా సీమలో నీళ్లు పారబోసేవాడికి పిల్లనివ్వరు.

"కొంచెం చక్కెర ఏస్తే సరిపోదా?"

సరిపోదన్నాను. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది.

"అయితే ఎన్ని నీళ్లతో కడగల్ల?"

"ఒక్కోదానికీ కొత్త నీళ్లు కాచి, నిండా పోసి, మూడుసార్లు పారబోయల్లన్నా."

పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను.

"అన్ని నీళ్లే ఉంటే వరి పెట్టుకుంటాంటి గదప్పా. ఈ ద్రాక్ష ఎందుకు పెడతా?"

'పనికిరావు' అని రాసి, కింద సంతకం పెట్టి, కాగితం అన్న చేతికే ఇచ్చాను.