గొర్రె చెవి, నా పేరు బోర్డు

మా ఆత్మకూరు ఆఫీసులో ముగ్గురం లాయర్లం. సీనియర్ గారిది కరణాల వంశం. రెండో ఆయన బడిపంతులు ఉద్యోగం మానేసి వచ్చారు. నేను ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకుంటూ పెరిగినదాన్ని. ఆ సంగతి బయట అనొద్దని సీనియర్ గారి సలహా.

ఈ రోజు ఒక అవ్వ మీద గొర్రె దొంగతనం కేసు విచారణకు వచ్చింది. నన్ను చూడగానే ఆవిడ, "ఏంది సామీ, ఈ పిల్లా నా లాయరు? గొర్రె మొహం ఎప్పుడన్నా చూసినాదా?" అని సీనియర్ గారిని నిలదీసింది.

గొర్రె తనదేనని, పిల్లప్పుడే గుర్తుగా చెవి కోశానని పొరుగు మంద ఆసామి సాక్ష్యం చెప్పాడు. కోర్టు ఆవరణలో కట్టేసిన ఆ గొర్రె చెవి తడిమి చూశాను. అది వారం కూడా కాని కోత.

"రెండేళ్ల గొర్రె కదయ్యా, పుండు మీద పక్కు ఇంకా రాలలేదేం?" అని అడిగాను. జడ్జి గారు గొర్రెను తెప్పించి ఆ చెవి చూశారు. కేసు కొట్టేశారు.

బయటికొచ్చాక అవ్వ నా గడ్డం పట్టుకుని, "ఎవురి బిడ్డవు తల్లీ?" అంది.

"గొర్రెలోళ్ల బిడ్డనవ్వా" అన్నాను, సీనియర్ గారికి వినపడేలా.

రేపు ఆఫీసు బోర్డు కొత్తగా రాయిస్తున్నారు. నా పేరు పక్కన బి.ఎల్. ఒక్కటే చాలంటున్నారు సీనియర్ గారు. దాని కింద ‘గొర్రెల కాపరి’ అని రాయించి తీరతాను. మీరైతే రాయించరా?