కొరియన్ గడ్డి, నిద్రగన్నేరు నీడ

కరోనా తర్వాత తరగతులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, వేసవి చివర్లో, నన్ను ఒక విశ్వవిద్యాలయానికి ఉద్యాన అధికారిగా వేశారు. తార్నాకలో మా ఇంటి నుంచి ఒకే బస్సు. మాది కడప. ఎండిన తోటలు చూసి పెరిగినవాణ్ని కాబట్టి, ఆ క్యాంపస్‌లోని పాత చెట్లు చూసి మంచి చోట పడ్డాననుకున్నాను.

ఉద్యాన అధికారి అంటే తోటపని చేసేవాడని చాలామంది అనుకుంటారు. తోటమాలులు వేరు, వారిపై సూపర్‌వైజర్లు, ఆపైన నేను. నా పైన ఎస్టేట్ ఆఫీసర్. భవనాలు, రోడ్లు, స్టాళ్ల అనుమతులు అన్నీ ఆయన చేతిలోవే. చెట్టు కొమ్మ ఒకటి తీయాలన్నా నేను సిఫారసు చేయాలి, ఆయన సరే అనాలి.

పరిపాలన భవనం ముందు పెద్ద నిద్రగన్నేరు ఉండేది. పొద్దు వాలగానే ఆకులు ముడుచుకునే చెట్టు అది. దాని కింద మల్లమ్మ టీ స్టాల్ నడిపేది. లాలాగూడ నుంచి పొద్దున్నే ఆటోలో సామాను తెచ్చుకునేది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దంతా ఆ నీడలోనే ఉండేవారు. ఆమెను అక్కా అని పిలిచేవారు.

విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం రాబోయే చలికాలంలో రావలసి ఉంది. భవనం ముందు పచ్చటి తివాచీలాంటి లాన్ కావాలని పైనుంచి మాట వచ్చింది. చెట్టు ఉన్నచోట గడ్డి పెంచవచ్చా, రెండింటిలో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలి అని నన్ను అడిగారు. నేను రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాను. కొరియన్ గడ్డి కత్తిరించకపోయినా మెత్తగా, గుబురుగా పరుచుకుంటుంది, పరిచిన నెలలోపే రోడ్డు మీది నుంచి పచ్చగా కనిపిస్తుంది. కానీ దానికి ఎండ కావాలి, రోజూ నీళ్లు కావాలి. చెట్టు నీళ్లు అడగదు, నీడ ఇస్తుంది, కానీ ఆకు రాలుస్తుంది, కొత్తగా చూపించడానికి ఏమీ ఉండదు. చెట్టును ఉంచి, కొమ్మలు పలుచన చేసి, దాని మొదలు దాకా గడ్డి పరుద్దామని తేల్చాను. గడ్డి కావాలన్నవాళ్లనీ, చెట్టు ఉండాలన్నవాళ్లనీ మెప్పించే మాట అది. అందరూ ఒప్పుకున్నారు.

ఇక్కడే పని తెలిసినవాడు మాత్రమే చేయగల తప్పు చేశాను. చెట్టు చుట్టూ నేల పల్లంగా ఉంది. లాన్ చదునుగా రావాలంటే ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి మోకాలెత్తు నింపాలి. చెట్టుకు తిండి అందించే సన్నని వేర్లు నేల పైపొరలోనే ఉంటాయి. అవి గాలి పీలుస్తాయి. వాటి మీద అంత మట్టి పోసి, పైన రోజూ తడిపితే ఊపిరాడదు. మట్టి నింపక తప్పనప్పుడు కొమ్మల అంచు వరకు వదిలేయాలి, మొదలు చుట్టూ రాతి గట్టు కట్టి మట్టి తగలకుండా ఆపాలి. మా చదువులో మొదటి ఏడాదే చెబుతారు. కనీసం గట్టయినా కడదామని ఎస్టేట్ ఆఫీసర్‌తో అన్నాను.

"కార్పెట్ నడుమ గోడ కడితే ఏం బాగుంటదయ్యా? చెట్టు ముసలిది, గట్టిది. దానికేం కాదు" అన్నాడాయన.

నేను రెండోసారి అనలేదు. వానాకాలంలో మట్టి నింపించాను, గడ్డి పరిపించాను. స్టాల్‌ను కొమ్మల చివరి నీడలో, గడ్డి అంచుకు జరిపించాను. పిల్లలను గడ్డి మీదికి రానివ్వవద్దని కాపలా పెట్టాను. ఒక రీసెర్చ్ స్కాలర్ నన్ను ఆపి, "గడ్డి మీద కూసోవద్దు, చెట్టు కింద కూసోవద్దు. మరి గాల్లో కూసోమంటరా సార్?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తనిఖీ బృందం లాన్‌ను మెచ్చుకుని వెళ్లింది.

మరుసటి వేసవిలో ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలక అనుకుని సూపర్‌వైజర్ మరిన్ని పెట్టించాడు. గడ్డి ఇంకా పచ్చబడింది. ఆపై ఏడాది వానల్లో గాలి కూడా లేని ఒక మధ్యాహ్నం పెద్ద కొమ్మ విరిగి స్టాల్ రేకుల మీద పడింది. మల్లమ్మ నీళ్లకు వెళ్లి ఉండటం వల్ల బతికింది.

విచారణ సమావేశంలో కారణం అడిగారు. మొదలు దగ్గర మట్టి తవ్వి చూసి వచ్చాను. బెరడు నల్లబడి కుళ్లింది. కారణం నాకు తెలుసు. చెబితే ఆ మట్టి ఎవరు నింపించారన్న ప్రశ్న వస్తుంది. ఎవరో, స్టాల్ వాళ్లు వేడినీళ్లు, టీ పిప్పి వేర్లలో పోస్తుంటారు కదా అన్నారు. అందరూ నా వైపు చూశారు.

"అది కూడా కారణం కావచ్చు" అన్నాను.

అంతే. స్టాల్ అనుమతి రద్దయింది. సామాను తీసేరోజు మల్లమ్మ నా దగ్గరికొచ్చింది. "సారూ, రోజూ చూస్తవ్ గదా. పిప్పి సంచిల నింపి గాడ కుప్పతొట్టిల ఏస్త. నీళ్లు మోరీల పోస్త. జర చెప్పు సారూ వాళ్లకు" అంది. నిజమే, రోజూ చూసేవాణ్ని. పైవాళ్ల నిర్ణయం, నా చేతిలో లేదన్నాను.

చెట్టు ఆ చలికాలం దాటలేదు. కొట్టించింది నేనే. నీడ పోయాక, వేసవిలో నీటి కోత మొదలవగానే గడ్డి కూడా మాడిపోయింది. ఇప్పుడక్కడ సిమెంటు పలకలు పరిచారు.

మోకాళ్ల నొప్పుల వల్ల నేను ముందుగానే విరమణ తీసుకున్నాను. ఈ మధ్య తార్నాకలో, మెట్రో పట్టాల కింద ఒక తోపుడు బండి దగ్గర మల్లమ్మ కనిపించింది. టీ తాగి, జరిగినదంతా చెప్పాను. ఆమె గ్లాసు కడుగుతూనే విన్నది.

"గిప్పుడు నాకు చెప్తే ఏమొస్తది సారూ? నేను పొయ్యలేదని నాకు ఎర్కే గదా. ఎర్కలేనోళ్లకు చెప్పు" అంది. తర్వాత, "చక్కెర సరిపోయిందా?" అని అడిగింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ నిద్రగన్నేరు మల్లమ్మ వేడినీళ్లకు చావలేదు. నేను నింపించిన మట్టికి, దాని మీద పరిచిన గడ్డికి పెట్టించిన నీళ్లకు చచ్చింది. విశ్వవిద్యాలయానికి కూడా ఇదే మాట సంతకంతో రాసి పంపాను. ఇంతవరకు జవాబు లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. గడ్డికి చేసిన తప్పు వారంలో కనిపిస్తుంది, చేసినవాడు దొరికిపోతాడు. చెట్టుకు చేసిన తప్పు బయటపడటానికి రెండు వానాకాలాలు పడుతుంది. ఆలోగా ఆ చెట్టు కింద బతికేవాళ్లెవరో ఒకరి మీద దాన్ని వేయడం చాలా సులువు.