రోహిణి కార్తెలో పురిటిగది తలుపు

అది పంతొమ్మిదివందల ముప్ఫయ్యారో ముప్ఫయ్యేడో సరిగ్గా గుర్తులేదు గానీ, రోహిణి కార్తె అని మాత్రం బాగా గుర్తు. దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. మాది గూడూరు దగ్గర పల్లె. బందరులో మిషను వాళ్ళ దగ్గర మిడ్‌వైఫ్ పని, అంటే పురుళ్ళు పోసే పని, నేర్చుకుని వచ్చాను. డాక్టరుగారు ఎప్పుడో గానీ వచ్చేవారు కాదు. మిగతా రోజుల్లో డాక్టర్నీ నేనే, కాంపౌండర్నీ నేనే, చీపురు పట్టేదీ నేనే. అప్పటికే నాకు నోరు జాస్తి అని పేరొచ్చింది. అది అబద్ధమేమీ కాదు.

ఆ ఏడు ఎండలు మనుషుల్ని బతకనిచ్చేలా లేవు. వేసవి కదా, కాలవలకి నీళ్ళు కట్టేశారు. పడవలు ఒండ్రులో కూరుకుపోయి ఉన్నాయి. మంచినీళ్ళ చెరువులో అడుగున మిగిలిన కాసిని నీళ్ళ కోసం ఆడవాళ్ళు తెల్లారకముందే బిందెలతో చేరేవాళ్ళు. మధ్యాహ్నమయ్యేసరికి పడమటి గాలి నిప్పులు చెరిగేది. రోజూ సాయంత్రం మబ్బు పట్టడం, కాసేపు ఉరమడం, చినుకు పడకుండా తేలిపోవడం. ఇవాళ పడుతుందిలే అనుకోవడం కూడా మానేశాం.

అలాంటి ఒక రోజు సాంబయ్య అనే రైతు బండి కట్టుకుని వచ్చాడు.

"నర్సమ్మగారూ, మా ఆవిడకి బాగాలేదండీ. పురుడై నాలుగో రోజు. ఒళ్ళు కాలిపోతోంది. ఏదేదో మాట్టాడుతోంది. అందరూ సన్నిపాతం అంటున్నారు. మా అమ్మ మిమ్మల్ని తీసుకురమ్మందండీ."

ఎండిన కాలవ గట్టు మీద పడి వెళ్ళాం. సాంబయ్య భార్య అన్నపూర్ణ తల్లి లేని పిల్ల. అందుకే పురుడు అత్తగారింట్లోనే పోశారు. అత్తగారు రత్తమ్మగారు ఎత్తుగా, కడ్డీలా నిటారుగా ఉండే మనిషి. నన్ను చూసి పలకరింపు కూడా లేకుండా పురిటిగది చూపించారు.

లోపల అడుగుపెడితే నాకే ఊపిరాడలేదు. చిన్న గది, కిటికీ లేదు, తలుపు సందుల్లో కూడా గుడ్డలు కుక్కారు. మంచం కింద కుంపటి. అన్నపూర్ణ తలకి గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, పైన బొంత కప్పారు. పసిపాపని మాత్రం అవతల గదిలో పడుకోబెట్టారు. బాలింతకి గాలి తగలకూడదు, దాహం ఇవ్వకూడదు అని ఆ రోజుల్లో పట్టింపు. నీళ్ళు పడితే వాతం చేస్తుందని భయం. చలికాలంలో ఎలాగో గట్టెక్కేవాళ్ళు. రోహిణి కార్తెలో కూడా అదే పద్ధతి.

థర్మామీటర్ పెడితే పాదరసం చివరికంటా ఎక్కి కూర్చుంది.  ప్యూర్పరల్ ఫీవర్ అని ఒకటుంది, పురుడైన తర్వాత గర్భసంచి చెడి వచ్చే జ్వరం. అప్పట్లో అది వస్తే ఆశ వదులుకోవడమే. కానీ అదైతే పొత్తికడుపు ముట్టుకోనివ్వరు, పురుడయ్యాక పోయే మైలకి చెడ్డ వాసన ఉంటుంది. ఈ పిల్ల కడుపు మెత్తగా ఉంది, వాసనా లేదు. ఒళ్ళు మాత్రం పొడిగా, పెనంలా కాలుతోంది. ఒక్క చెమట చుక్క లేదు. అది హీట్ స్ట్రోక్, మన వడదెబ్బ.

ఆ మాట పైకి అంటే పక్కింటి ముసలమ్మ నవ్వింది. "గడప దాటని పిల్లకి వడదెబ్బేమిటే అమ్మా, చోద్యం కాకపోతే?"

"ఎండ దగ్గరికి పిల్ల వెళ్ళలేదండీ, మీరే నిప్పు తెచ్చి మంచం కింద పెట్టారు" అన్నాను. చెప్పాను కదా, నా నోరు అంతే. ముసలమ్మ మొహం మాడ్చుకుంది.

రత్తమ్మగారు మాత్రం సూటిగా అడిగారు. "బతుకుతుందా?"

"చెప్పలేనండీ. ఒళ్ళు చల్లారకపోతే పొద్దు గూకేలోపు పోతుంది. చల్లార్చాలంటే కుంపటి తియ్యాలి, తడి బట్ట కప్పాలి, తలుపు తీసి గాలి ఆడనివ్వాలి. నేననుకున్నది తప్పు కూడా కావచ్చు. అప్పుడు పిల్ల పోతే, గాలి తగిలించి చంపామంటారు."

 ఆవిడ వంగి కుంపటి తనే బయట పెట్టారు. బొంత తీసేశారు. సాంబయ్యని బావి దగ్గరికి తరిమారు. ఆ బావి నీళ్ళు నోట్లో పోసుకోలేనంత ఉప్పన. ఒంటికి ఏ నీళ్ళైతేనేం. దుప్పట్లు ముంచి తెచ్చి కప్పడం, నేను విసనకర్రతో విసరడం. స్పృహ ఉన్నప్పుడల్లా చెంచాతో మంచినీళ్ళు పెదాలకి అందించాను. కానీ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అదొక్కటీ అడక్కమ్మా" అన్నారు.

మూసిన గదిలో దుప్పటి తడిపి ఏం లాభం? ఆవిరి పోవడానికి దారి లేదు. గది ఇడ్లీపాత్రలా తయారైంది. జ్వరం దిగలేదు. మాటలు పోయాయి, కళ్ళు పైకి తేలేశాయి.  రత్తమ్మగారిని నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. ఎందుకో ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

మధ్యాహ్నం తిరిగాక పడమట మబ్బు పట్టింది. రోజూ ఉన్న భాగోతమే కదా అనుకున్నాం. అంతలో తాటాకుల కప్పు లేచిపోతుందా అన్నంత గాలి. దుమ్ము, దాని వెనక తడి మట్టి వాసన, టపటపమని చినుకులు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా పరిగెత్తుకొచ్చి తలుపుకి చాప అడ్డం పెట్టబోయారు. వానగాలి సోకితే బాలింతకి కాళ్ళూ చేతులూ కొంకర్లు పోతాయని ఒకటే గోల.

రత్తమ్మగారు ఆ చాప లాగి అవతల పారేసి, తలుపు బార్లా తీశారు.

"సాంబా, ఆ పక్క పట్టుకో. మంచం వసారాలోకి తీసుకెళ్దాం."

"అమ్మా, వానొస్తోందే."

"వాన కోసమేరా. పట్టుకో."

పక్కింటి ముసలమ్మ అడ్డం వచ్చింది. "రత్తమ్మా, మతిపోయిందా నీకు? పిల్ల పోతుందే."

"పోతే అత్త చంపిందని చెప్పు. నర్సమ్మ మాటెత్తకు, నా కొడుకు మాటెత్తకు" అన్నారావిడ. గొంతు పెంచను కూడా లేదు.

వసారాలో పక్కనుంచి చల్లగాలి రివ్వున కొడుతోంది. తడి దుప్పటి మీద ఆ గాలి చేసిన పని నేనూ నా విసనకర్రా వంద జన్మలెత్తినా చెయ్యలేం. పిడుగుల మోతకి అందరూ లోపలికి పోయారు. మేమిద్దరం చెరోపక్క కూర్చుని పిల్ల చేతులూ కాళ్ళూ రుద్దుతూనే ఉన్నాం. పాదరసం కొంచెం కొంచెంగా దిగింది. వాన తగ్గుముఖం పట్టేటప్పటికి మెడ మీద సన్నగా చెమట పట్టింది. చెమట చూసి అంత సంతోషపడింది నా జన్మలో అదే. ఇంకాసేపటికి అన్నపూర్ణ కళ్ళు తెరిచి, "అత్తయ్యా, పాప ఏది?" అంది.

"అవతల గదిలో ఉందమ్మా. పాలిద్దువుగాని, ముందు నువ్వు నీళ్ళు తాగు" అని, చెంబు ఎత్తి, ఆవిడే తాగించారు.

అంతా సర్దుకున్నాక బండి ఎక్కబోతుంటే రత్తమ్మగారు నా వెనకే వచ్చారు.

"నర్సమ్మా, మా శేషుకీ ఇదేనంటావా?"

శేషు ఎవరో నాకు తెలియదు. ఆవిడ చెప్పారు. ఒక్కగానొక్క కూతురు. కొన్నేళ్ళ కిందట ఇలాంటి ఎండల్లోనే, ఆ గదిలోనే పురుడు పోసుకుంది. దాహం దాహం అంటూ పోయింది. ఇవ్వకూడదన్నారని ఈవిడ ఇవ్వలేదు.

"నేను చూడలేదు కదండీ, ఎలా చెప్పను" అన్నాను.

"నేను చూశానుగా" అన్నారు. "ఆ తలుపు తీస్తుంటేనే తెలిసిపోయింది నాకు. గాలీ నీళ్ళూ ఇచ్చినందుకు ఇది బతికితే, శేషు నా చేతుల్లో పోయినట్టే. పొద్దుటినుంచీ అందుకే తియ్యలేకపోయానమ్మా."

 నోరు జాస్తి అని పేరున్న నేను బండి చక్రం పట్టుకుని నిలబడిపోయాను. వైద్యం చెప్పింది నేనే, కానీ దానివల్ల నాకు పోయేదేముంది? ఆవిడకి మాత్రం, కూతురు మళ్ళీ చచ్చిపోయింది. అది తెలిసే మంచం ఎత్తింది ఆ తల్లి. అంత గుండె ఉన్న మనిషిని నేను ఇప్పటికీ ఇంకొకర్ని చూడలేదు.

ఆ తర్వాత వేసవుల్లో ఆ చుట్టుపక్కల పురిటికి వెళితే, నాకంటే ముందే రత్తమ్మగారు అక్కడ ఉండేవారు. ఎవరైనా తలుపు తియ్యనంటే, "నేను మూసి నా కూతుర్ని చంపుకున్నాను, నువ్వు తియ్యి" అని నలుగురిలో చెప్పేవారు. అంతమాట విన్నాక ఎవరు ఎదురు చెబుతారు?

కొత్తగా పనిలో చేరే పిల్లలకి హీట్ స్ట్రోక్ గుర్తులు నేర్పడం ఒక పూటలో అయిపోతుంది. రెండోది నేర్పడానికే నాకు ఇప్పటికీ మాటలు చాలవు. తలుపు తియ్యనన్న మనిషిని మూర్ఖురాలని తిట్టకండి, తీస్తే ఆవిడకి ఎవరు మళ్ళీ చచ్చిపోతారో మీకు తెలియదు అంటాను.