బొంత కింద చూడాలి

నాకు సిగ్గు తక్కువని మా అత్తమ్మ ఎప్పుడూ అనేది. ఆడవాళ్ల ఒంటి సంగతులు ఇల్లిల్లూ తిరిగి అడిగే పనిలో చేరాక ఆ మాట ఇంకాస్త గట్టిగా అనేది. అననీ అనుకున్నాను. సూరత్‌లో, అమ్రోలిలోనూ కోసాడ్ కాలనీల్లోనూ తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. ఆ ఇళ్లకు కొత్తగా వచ్చిన కోడళ్లకు గుజరాతీ రాదు, ఆసుపత్రిలో చెప్పింది సగం అర్థం కాదు. కడుపుతో ఉన్నప్పటి నుంచి బాలింత లేచి తిరిగేదాకా వాళ్ల బాగోగులు కనుక్కునే ఆశా కార్యకర్తను నేను. సిగ్గుపడుతూ కూర్చుంటే ఈ పని సాగదు.

కొన్నాళ్ల కిందట మాకు ఫోన్లో శిక్షణ మొదలుపెట్టారు. వీడియో చూడాలి, చివర్లో ప్రశ్నలకు జవాబులు నొక్కాలి, వారానికోసారి డాక్టరమ్మ తెర మీదికి వచ్చి పాఠం చెబుతుంది. ఆ వీడియోల్లో ఉండే ఇల్లు చూస్తే నాకు నవ్వొచ్చేది. తెల్ల దుప్పటి పరిచిన పెద్ద మంచం, కిటికీకి పరదా, పక్కన గిన్నె నిండా పళ్లు. మా కాలనీలో ఆ మంచం పట్టే గది ఉంటే అందులో ఐదుగురు పడుకుంటారు. అయినా శ్రద్ధగానే నేర్చుకున్నాను. పదో తరగతి మధ్యలో మాన్పించి నన్ను మగ్గాలకు దారం బాబిన్లు చుట్టడానికి కూర్చోబెట్టారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఏ పరీక్షలోనైనా నాకు అందరికంటే ఎక్కువ మార్కులు రావాలి.

బాలింతకు రక్తం ఎక్కువగా పోతోందో లేదో తెలుసుకోవడం ఒక పాఠం. పాడ్ ఎంత తడిసిందో చూడాలి, రోజుకు ఎన్ని మారుస్తున్నారో అడగాలి. కొద్దిగా తడిస్తే మామూలే అని రాసుకోవాలి. ఆ పాఠంలో నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

ఆ తర్వాతి వారమే కోసాడ్‌లో మూడో అంతస్తులో ఉన్న ఒక బాలింతను చూడటానికి వెళ్లాను. తొలి కాన్పు, ఇరవై ఏళ్ల పిల్ల. ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైంది, బిడ్డకు ఏడో రోజు. పాడ్లు తెప్పించారా అని అడిగితే వాళ్ల అత్త నన్ను వింతగా చూసింది.

"గవి ఎందుకు బిడ్డా? నేసెటోళ్ల ఇంట్ల బట్టకు కరువా? మా కొడుకు కార్ఖాన నుంచి కొత్త చిందీ తెచ్చిండు. ఉడుకునీళ్లల్ల ఉతికి, ఎండల ఆరేసి, మడతలు పెట్టిన. సూడు జర, ఎంత సాఫ్ ఉన్నయో."

చిందీ అంటే మిల్లులో కోతకు మిగిలిన ముక్కలు. నేతగాళ్ల ఇంట్లో బట్ట కొనడం నామోషీ. మా అమ్మా అంతే, నేనూ అంతే. ఆమె విప్పి చూపించిన గుడ్డలు నిజంగానే శుభ్రంగా ఉన్నాయి. వాడినవి కూడా చూపించమన్నాను. వాటి మీద పలచటి మరకలే తప్ప పెద్దగా ఏమీ లేదు.

"మంచిగ చేసినవ్ పెద్దమ్మా," అన్నాను.

పిల్ల మాత్రం గోడకు ఆనుకుని, "కండ్లు తిరుగుతున్నయక్కా," అంది. కంటి రెప్ప కిందికి లాగి చూశాను, పాలిపోయి ఉంది. కడుపుతో ఉన్నప్పుడూ ఈమెకు రక్తం తక్కువే కదా అనుకున్నాను. "పత్తెమని పస్తులుంటే తిరగయా మరి? కడుపు నిండ తిను," అని మందలించి, రక్తస్రావం మామూలుగా ఉంది అని రాసుకుని మెట్లు దిగాను. పాఠం చెప్పినట్టే చేశానన్న ధీమా ఒకటి.

ఇంటికొచ్చి మధ్యాహ్నం అన్నం తింటుంటే మజ్జిగ గ్లాసు ఒలికింది. మేకుకు వేలాడుతున్న గుడ్డ అందుకుని తుడిచాను. మజ్జిగ ఆ మూల నుంచి ఈ మూలకు పోయిందే కానీ గుడ్డకు అంటలేదు. అదీ చిందీయే. విసుగ్గా పిండితే నాలుగు చుక్కలు కూడా రాలలేదు. గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. సూరత్ మగ్గాల మీద నేసేది నూలు కాదు, పాలిస్టర్. పదిహేనేళ్లు నేను బాబిన్లకు చుట్టింది ఆ దారాన్నే. అది నీళ్లు పట్టదని నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏది పోసినా జారి కిందికి పోతుంది. మరి ఆ పిల్ల రక్తం ఎక్కడికి పోయింది?

చేయి కూడా సరిగా కడుక్కోకుండా ఆటో ఎక్కాను. దారిలోనే అంబులెన్సుకు ఫోన్ చేశాను. మూడంతస్తులు ఎలా ఎక్కానో తెలియదు. పిల్ల పడుకుని ఉంది, పిలిస్తే పలికింది కానీ మాట ముద్దగా వచ్చింది. ఆమెను పక్కకు జరిపి, కింద పరిచిన బొంత అంచు ఎత్తి చేయి పెట్టాను. పాత నూలు చీరలతో కుట్టిన బొంత అది. పైన గుడ్డలు వదిలేసిందంతా అదే తాగింది. నా అరచెయ్యి ఎర్రగా అయింది.

కిందికి తీసుకుపోదాం పట్టమంటే అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇంకా పురుడు స్నానం గాలే. పురుడు గాకముందు బాలింతను గడప దాటిస్తరా? గిట్లాంటి ఫోన్ల సదువులు మా ఇంట్ల నడువయ్."

"పెద్దమ్మా, కోడలు పోయినంక పురుడు ఎవలికి చేస్తవ్?" అని అరిచాను. "జరుగు. జరగకుంటే నిన్ను సుత ఎత్తి పక్కకు పెడత. నాకేం భయం లేదు."

ఆమె జరిగింది. పక్కింటివాళ్లు ప్లాస్టిక్ కుర్చీలో పిల్లను కూర్చోబెట్టి కిందికి మోశారు. దూరంగా జోల్వా కార్ఖానలో మగ్గం మీద ఉన్న మొగుడు ఆసుపత్రికి వచ్చేసరికి పిల్లను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోవడం కూడా అయిపోయింది. మాయ ముక్క ఒకటి లోపల ఉండిపోయిందన్నారు. అది తీసేసి రక్తం ఎక్కించారు. గండం గడిచిందని నర్సు చెప్పేదాకా అత్తా నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

"మురికి బట్ట పెట్టలే బిడ్డా," అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మంచిగనే ఉతికిన."

"నీ తప్పు గాదు పెద్దమ్మా," అన్నాను. ఎవరి తప్పో చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేదు.

అప్పటి నుంచి నాకు పొగడ్తలే పొగడ్తలు. సమయానికి కనిపెట్టి ప్రాణం కాపాడిందని మా వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు. అబద్ధమెందుకు, మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. పొద్దున మామూలుగా ఉందని రాశావు, మధ్యాహ్నం ఆసుపత్రికి పంపావు, రక్తం మధ్యాహ్నమే మొదలైందని ఒక ముక్క చేర్చు, లేకపోతే నీ మీదికే వస్తుంది అంది. నా మంచి కోరే చెప్పింది. చూస్తాను అన్నాను.

ఆ వారం పాఠంలో డాక్టరమ్మ అందరి ముందూ నా పని మెచ్చుకుంది. తెర నిండా మా కార్యకర్తల ముఖాలు, పై వరుసలో సూపర్‌వైజర్. "చూశారా, ఈ బెన్ పాఠంలో చెప్పినట్టు గుడ్డలు పరీక్షించింది కాబట్టే ఒక తల్లి బతికింది. అందరూ ఇలాగే చేయాలి," అంది. ఇక్కడ బెన్ అంటే అక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లను చంపబోయింది ఆ పరీక్షే. ఇప్పుడు పేరు దానికి. ఇంకా నయం, దండ వేయలేదు!

మైకు నొక్కాను. నా గుజరాతీలో సగం హిందీ ఉంటుంది, అయినా ఆగలేదు. "లేదు మేడం. గుడ్డలు చూసి నేను మోసపోయాను," అన్నాను. ఇంట్లో ఉన్న చిందీ ముక్క మడతపెట్టి స్టీలు పళ్లెం మీద పెట్టి, కెమెరా ముందు దాని మీద నీళ్లు పోశాను. గుడ్డ ఎత్తి చూపించాను, పళ్లెంలో నీళ్లు చూపించాను. "మా ఇళ్లల్లో వాడేది ఇదే. దీని మీద మరక చూసి ఏం లాభం? పరుపో బొంతో ఎత్తి కింద చూడాలి. మీ పాఠంలో ఆ మాట లేదు, రాయండి."

మైకు ఆపమని సూపర్‌వైజర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఆపలేదు.

డాక్టరమ్మ పళ్లెం వైపే చూస్తూ నెమ్మదిగా అడిగింది. "ఆ రోజు పొద్దున కూడా మీరు వెళ్లారు కదా బెన్? ఏమని రాశారు?"

ఈ పని పోతే మళ్లీ బాబిన్ల దగ్గర కూర్చోవాలి. అయినా ఇంత చెప్పి ఇక్కడ నీళ్లు నమలడం నా వల్ల కాదు.

"మామూలుగా ఉందని రాశాను మేడం. కళ్లు తిరుగుతున్నాయని ఆ పిల్ల చెబుతున్నా, తినమని తిట్టి వచ్చాను. తప్పు నాదే. ఆ కాగితం మార్చను."

సూపర్‌వైజర్ తల దించుకుంది. అప్పుడు కింది వరుసలో నేనెప్పుడూ మాట్లాడించని ఒక కార్యకర్త మైకు తెరుచుకుంది. మెడలో సంచీ తగిలించుకుంటూనే మాట్లాడింది.

"మేడం, నిన్న నేను కూడా ఒకామెకు మామూలుగా ఉందని రాశాను. ఆమె కింద కూడా ఇలాంటి గుడ్డలే ఉన్నాయి. నేను ఆ ఇంటికే వెళ్తున్నాను."

డాక్టరమ్మ జవాబు చెప్పేలోపే ఆమె ముఖం తెర మీద నుంచి పోయింది. ఆ వెంటనే ఇంకొకామె ముఖం కూడా మాయమైంది.