ఐరిష్ దొర అడిగిన ప్రాంప్టింగ్

నేను నాటకాల్లోంచి సినిమాల్లోకి వచ్చినవాణ్ణి. కృష్ణా జిల్లా పందిళ్ళలో నేను పద్యం ఎత్తుకుంటే జనం 'వన్స్ మోర్' అని గోల పెట్టేవాళ్ళు. అందుకే ఫిలింనగర్‌లో వేషాలు మొదలుపెట్టాక నాకో పొగరుండేది: నాకు ప్రాంప్టింగ్ అక్కర్లేదు. మన సినిమాల్లో మాటలు తర్వాత డబ్బింగులో ఎలాగూ చెప్పుకుంటాం కాబట్టి, షాట్ నడుస్తుండగానే కెమెరా పక్కన నిలబడి ఒకరు డైలాగు పైకి చదివి అందిస్తారు. నటుడు అది విని అనేస్తాడు. నాకది అన్నం కలిపి నోట్లో పెట్టినట్టుండేది. ఎవరైనా అందించబోతే "నేనింకా బతికే ఉన్నానయ్యా" అని కసిరేవాణ్ణి.

అరవై దాటాక మాటలు జారిపోవడం మొదలైంది. నిన్న కంఠతా వచ్చింది ఇవాళ సగంలో ఆగిపోయేది. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. 'ముసలాడికి డైలాగు నిలవట్లేదు' అన్న మాట ఒక్కసారి బయటికి పొక్కితే పొద్దున్నే మధురానగర్‌లో మా ఇంటికి వేషం ఉందంటూ ఫోను చేసేవాడు ఉండడు. ఆ భయంతో బతికాను రెండేళ్ళు.

అప్పుడు వచ్చింది ఆ సినిమా. నాది ఊరి మునసబు వేషం. పన్ను కట్టమని తెల్ల కలెక్టరు బెదిరిస్తే ఎదురు తిరిగి ఒకటిన్నర పేజీ మాట్లాడాలి. కలెక్టరు వేషానికి బొంబాయి ఏజెంటు ద్వారా ఒక పెద్దాయన్ని రప్పించారు. డెబ్బై ఉంటాయి, తాటిచెట్టంత పొడుగు, మొహం నిండా మచ్చలు. మేమంతా 'ఇంగ్లీషాయన' అంటుంటే ఆయన నవ్వుతూ ప్రతివాడికీ ఓపిగ్గా చెప్పేవాడు, నేను ఇంగ్లీషువాణ్ణి కాదు, ఐర్లండువాణ్ణి అని. "మిమ్మల్ని ఏలినవాళ్ళే మమ్మల్నీ ఏలారు. ఇప్పుడు వాళ్ళ వేషమే నాకు కూడు పెడుతోంది" అనేవాడు.

జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా వరండాలో షూటింగు. మాకు ప్రాంప్టింగ్ ఇచ్చే అసోసియేట్ డైరెక్టరుకు యాభై ఏళ్ళుంటాయి, ఇక్కడి ఎర్రగడ్డలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆయన ఐరిష్ దొరకు తెలుగు మాటలు ముక్కలు ముక్కలుగా అందిస్తుంటే ఆ దొర చిన్నపిల్లాడిలా పలికేవాడు. నేను మాత్రం అసోసియేట్‌తో ముందే అన్నాను: "నా దగ్గర నోరు మెదిపావో, మర్యాద దక్కదు."

మొదటి టేకులో మూడో వాక్యం దగ్గర నా మాట ఆగిపోయింది. లైటు కళ్ళలో కొడుతోందన్నాను. రెండోసారి పక్కన ఎవరో కదిలారన్నాను. మూడోసారి, మాటైనా మాట్లాడని ఆ అసోసియేట్ మీదే విరుచుకుపడ్డాను, నువ్వు కాగితాలు చప్పుడు చేస్తున్నావని. ఆడలేక మద్దెల ఓడు అంటే అదే. అయిదు టేకులయ్యాక డైరెక్టరు వాచీ చూసుకుని మెల్లగా అన్నాడు: "లంచ్ తర్వాత ఇంకొకసారి చూద్దామండీ. కుదరకపోతే ఈ మాటలు మీ తమ్ముడి వేషం కట్టినతనికి ఇచ్చేద్దాం."

తల కొట్టేసినట్టయింది. అన్నం తినబుద్ధి కాలేదు. వెనకవైపు బండరాళ్ళ నీడలో కూర్చుంటే ఆ దొర పళ్ళెం పట్టుకుని వచ్చి నా పక్కనే చతికిలపడ్డాడు. నన్నేమీ అడగలేదు. తన సంగతి చెప్పుకున్నాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రమైనా అర్థమైంది.

తండ్రి సైకిళ్ళు బాగుచేసేవాడట. పదిహేడేళ్ళకు ఊరూరా తిరిగే నాటక కంపెనీలో చేరాడు. తర్వాత పట్నంలో పెద్ద నాటకాలు, లండన్‌లో సినిమాలు. "సినిమాల్లో నేనెప్పుడూ పాస్టరునో పోలీసునో తాగుబోతునో. స్టేజీ మీదే రాజుని" అన్నాడు. అరవై ఆరో ఏట, ఇద్దరే ఉండే నాటకంలో, ఒక సాయంత్రం మాట మరిచిపోయాడు. హాలంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. ఆయన లోపలికి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ నాలుగేళ్ళు ఏ వేషమూ కట్టలేదు. ఒక సినిమా హాల్లో టికెట్లు అమ్మాడు.

"ఇక్కడికి వచ్చిన మొదటిరోజు, కెమెరా తిరుగుతుండగా ఈయన నా మాటలు పైకి చదివాడు. అందరూ వింటున్నారు. ఎవరికీ తప్పుగా తోచలేదు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను" అన్నాడు. "ఇలా అందరూ వినేలా అడగొచ్చని యాభై ఏళ్ళలో నాకెవరూ చెప్పలేదు."

నాకు సిగ్గేసింది. నేను అవమానమని తోసేసినదాని కోసం ఈయన సముద్రాలు దాటి వచ్చినట్టున్నాడు. లేచి అసోసియేట్ దగ్గరికి వెళ్ళాను. టీ తాగుతున్నాడు. మొహం చెల్లక పక్కకు చూస్తూ, "నాకు కూడా కాస్త అందించాలయ్యా" అన్నాను.

ఆయన గ్లాసు పక్కన పెట్టి స్క్రిప్టు తీశాడు. నా పేజీలో ఆరేడు చోట్ల పెన్సిలు గీతలున్నాయి.

"మీరు యాడ యాడ ఆగుతరో పోయిన పిచ్చర్ల కెల్లి చూస్తున్న సార్. గీడ గీడ ఆగుతరని పొద్దుగాలనే గీసి పెట్టుకున్న."

"ఎవరితోనైనా అన్నావా?"

"నేనెందుకంట సార్? అడగకుండ ఇస్తే మీ ఇజ్జత్ పోతది. అడుగుతరని జూస్తున్న. ఫికర్ చెయ్యకుండ్రి."

పొద్దున నేను నలుగురి ముందూ తిట్టిన మనిషి ఆయన. చెయ్యి పట్టుకున్నాను.

మధ్యాహ్నం మొదటి టేకే ఓకే. గీత ఉన్న ప్రతిచోటా ఆయన గొంతు ఒక్క మాట ముందు నడిచింది, నేను దాని వెనకాలే వెళ్ళాను. కలెక్టరు వేషంలో ఉన్న దొర కోపంగా చూడాల్సింది పోయి ఆఖర్లో కాస్త నవ్వాడు. అదృష్టం కొద్దీ అప్పటికి కట్ చెప్పేశారు.

ఆయన ఇక్కడ ఇంకో రెండు సినిమాలు చేసి వెళ్ళిపోయాడు. రెండేళ్ళకు కార్డు రాశాడు. మళ్ళీ స్టేజీ ఎక్కాడట. ముందువరసలో ఒకావిడ నాటకం పుస్తకం పట్టుకుని కూర్చుంటుందట. 'రెండుసార్లు అడిగాను. జనమంతా విన్నారు. ఎవరూ లేచి వెళ్ళలేదు' అని ఉంది.

నేనైతే ఆ షాట్ ఓకే అయిన రోజు సాయంత్రమే ఇంటికెళ్ళగానే మా ఆవిణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పేశాను, మరుపు, భయం, లైటు మీద వేసిన నిందలు, అన్నీ. తిడుతుందనుకున్నాను. 

"ఇంతేనా?" అంది. "రెండేళ్ళ నుంచి తలుపేసుకుని మీలో మీరే గొణుక్కుంటుంటే, మతి చెడిందేమోనని నేను చస్తున్నాను. మా పుట్టింటివాళ్ళకి కూడా చెప్పుకోలేక ఒక్కదాన్నే కుమిలిపోయాను."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత స్క్రిప్టు కాగితాలు నా సంచీలోంచి తనే తీసి, కళ్ళజోడు పెట్టుకుని, "రేపటి సీను ఏదండీ, నేను చదువుతాను" అంది.